మా వీధి ఆటలో తుపాకీ

ఆ ఆటలో తుపాకీ లేదు. మొదట్లో లేదు, దాని అవసరమూ లేదు, కావాలని అడిగినవాళ్లూ లేరు. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ మధ్య ఒక పెళ్లిలో మా పాత ఆఫీసు మనిషి ఒకాయన ఎదురుపడి, "మీరు చేసిన ఆ గన్ గేమ్ భలే ఉండేదండీ" అన్నాడు. పక్కన అమ్మ ఉంది కాబట్టి నోరు కట్టేసుకున్నాను. నేను చేసింది గన్ గేమ్ కాదు. ఒక పిల్ల అన్నం క్యారియర్ పట్టుకుని వీధిలో పరుగెత్తే ఆట నేను చేశాను. ఆ పిల్ల చేతికి తుపాకీ ఇచ్చింది వేరేవాళ్లు. ఇచ్చినవాళ్లు హాయిగా ఉన్నారు, మెప్పు మాత్రం నా నెత్తిన పడుతోంది.

నేను పెరిగింది కాడుగోడిలో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో. తొంభైల్లో అది ఇంకా ఊరిలాగే ఉండేది, బెంగళూరు అంటే బస్సెక్కి వెళ్లే చోటు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నకు హొసకోటెలో ఫ్యాక్టరీ పని. ఇద్దరివీ షిఫ్టులే, ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉన్న రోజు మాకు పండగ. మిగతా రోజుల్లో నన్ను చూసుకున్నది ఎదురింటి అవ్వ. ఆమె మాకు చుట్టం కాదు, మా చర్చి మనిషీ కాదు. ఆ ఊళ్లోనే పుట్టి, అక్కడే ముసలిదైన తెలుగు మనిషి. ఆమె తెలుగులో సగం కన్నడం కలిసి ఉండేది.

మేం చర్చికి వెళ్లే కుటుంబం. ఏ కులం నుంచి చర్చికి వచ్చామో అడక్కుండానే కనిపెట్టే నేర్పు ఆ వీధికి ఉండేది. రెండిళ్లవాళ్లు నాకు మంచినీళ్లు ఇవ్వాల్సి వస్తే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవారు. సగం నీళ్లు మోచేతుల మీదుగా గౌనులోకి కారిపోయేవి. అవి ఎందుకలా పోస్తున్నారో అప్పుడు నాకు తెలియదు, ఎత్తు నుంచి పోస్తే చల్లబడతాయేమో అనుకునేదాన్ని. తెలిశాక వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకోవాలన్న తొందర కూడా నాకు లేదు.

అవ్వ నన్ను రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, తలకు నూనె రుద్ది, చర్మం లాగేంత బిగించి రెండు జడలు వేసేది. ఒకసారి ఆ రెండిళ్లలో ఒకావిడ గుమ్మంలో నిలబడి, ఆ పిల్లను అంతగా ముట్టుకోవడం ఎందుకని అడిగింది. అవ్వ దువ్వెన ఆపకుండానే, "ముట్టకుండా జడ ఎట్ల వేసేదప్పా? నువ్వు వేసి చూపించు, నేను నేర్చుకుంటా" అంది. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

స్కూలు లేని రోజుల్లో అమ్మకు మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లడం నా పని. అవ్వే క్యారియర్ సర్ది ఇచ్చేది. గంట కొట్టేలోపు ఆసుపత్రి గేటు దగ్గరికి చేరాలి, లేకపోతే అమ్మ మళ్లీ వార్డులోకి వెళ్లిపోతుంది. దారిలో ఏమున్నా దూకేదాన్ని. నీళ్ల కోసం వరుసపెట్టిన బిందెలు, పడుకున్న కుక్క, పూలమ్మే ఆమె బుట్ట, రోడ్డు మీద ఆరబోసిన రాగులు. అవ్వ తన గుమ్మం ముందు నులకమంచం వేసి దాని మీద సండిగలు ఎండబెట్టేది. సండిగలంటే మన వడియాలే. ఆ మంచానికి నా గౌను తగిలిందా, చెయ్యి చాపుకుంటూ లేచి వచ్చేది, ఎడమ మోకాలు నొప్పితో పక్కకు ఊగుతూ. నన్ను పట్టుకుంటే మాత్రం కొట్టేది కాదు, ఊడిపోయిన జడ బిగించి పంపేది.

వీధి చివర ఒకరింట్లో టీవీకి తగిలించే ఆట పెట్టె ఉండేది. సాయంత్రం పిల్లలందరం అక్కడే. అందులో ఒక ఆటంటే నాకు ప్రాణం: గోడలు, గుంతలు దూకుతూ పోవడమే, ఇంకేం లేదు. తర్వాతి సెలవులకు వాళ్లు కొత్త క్యాసెట్ తెచ్చారు. అవే గోడలు, అవే గుంతలు, కాకపోతే ఇప్పుడు ఆ మనిషి చేతిలో తుపాకీ. పిల్లలంతా ఎగిరి గంతేశారు. నాకు ఒళ్లు మండింది. దూకితే ఎదుటి మనిషి ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు, నీ దారిన నువ్వు పోతావు. తుపాకీ వచ్చాక దూకడం ఎందుకు? అడ్డం వచ్చినవాణ్ణి లేపేసి నడిచిపోవడమే. నేను ఈ మాట అంటే వాళ్లు నవ్వి నా వంతు కూడా వాళ్లే ఆడేసుకున్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరులో సెల్‌ఫోన్ ఆటలు చేసే చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. నాకు ఉద్యోగం దొరికింది అలాంటి ఒకదాంట్లోనే, మడివాళ మార్కెట్ దగ్గర ఒక బట్టల కొట్టు పైన. అప్పటి ఫోన్లకు అగ్గిపెట్టెంత తెర, కింద నంబర్ల మీటలు. ఆట మొత్తం, బొమ్మలూ శబ్దాలూ అన్నీ కలిపి, అరవై నాలుగు కేబీలో ఇమడాలి. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో చుక్క పక్కన చుక్క పేర్చి బొమ్మలు వేయడం నా పని. ముక్కుకు ఒక చుక్క, జడకు నాలుగు చుక్కలు. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

కొత్త ఆట ఆలోచన చెప్పమన్నప్పుడు నేను మా వీధి చెప్పాను. రెండు జడల పిల్ల, చేతిలో క్యారియర్, గంట కొట్టేలోపు ఆసుపత్రి గేటు. నాలుగు నొక్కితే ఎడమకు, ఆరు నొక్కితే కుడికి, మధ్యలో ఉన్న ఐదు నొక్కితే దూకుతుంది. ఎవరూ చావరు. బిందె తన్నితే నీళ్లు ఒలుకుతాయి, పిల్ల జారుతుంది. సండిగల మీద కాలు పడితే అవ్వ మంచం పక్క నుంచి లేచి, చెయ్యి చాపి, పక్కకు ఊగుతూ వచ్చి పిల్లను వీధి మొదట్లో దింపుతుంది. ఆ నడక కోసం నేను ఆదివారాలు కూడా వదల్లేదు. చర్చి నుంచి వచ్చి అవ్వ ఎదురుగా కూర్చుని, ఆమె లేవడం, నడవడం చూస్తూ గీతలు గీసుకునేదాన్ని. మిగతా బొమ్మలకు రెండేసి భంగిమలు వేస్తే అవ్వకు ఎన్నో వేశాను. మా మేనేజరు కేబీలు దండగ అని గొణిగాడు, కానీ చూశాక ఊరుకున్నాడు.

ఆట బయటికొచ్చింది. బాగానే ఆడింది. అందరికంటే ముందు అవ్వకు చూపించాను. ఫోను కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేనే కదప్పా" అంది.

"నువ్వే అవ్వా."

"కాలు కూడా నా మాదిరే కుంటుతాండాది చూడు. నన్ను ఈ డబ్బీలోకి ఎట్ల దూర్చినావే?"

ఆమెకు మధ్య మీట ఒక్కటే అలవాటయింది. బొటనవేలు దాని మీదే పెట్టుకుని కూర్చునేది. ఎడమకూ కుడికీ పక్కన కూర్చుని నేను నొక్కాలి, దూకించడం ఆమె వంతు. అయితే ఆమె గెలవడానికి ఆడేది కాదు. సరిగ్గా సండిగల దగ్గరికి వచ్చేసరికి కావాలనే వేలు తీసేసేది. పిల్ల మంచానికి తగిలి నిలబడిపోయేది. లోపలి అవ్వ చెయ్యి చాపుకుంటూ లేచి వచ్చేది. బయటి అవ్వ పడీపడీ నవ్వేది. వీధిలో ఎవరొచ్చినా, నీళ్లు ఎత్తి పోసిన ఆ ఇంటావిడ వచ్చినా సరే, పిలిచి తనను తాను చూపించుకునేది. అవ్వ డెబ్భై దాటిన మనిషి, ఒక ఫోటో కూడా సరిగ్గా దిగినది కాదు. ఆ అగ్గిపెట్టెంత తెర మీద నడిచే బొమ్మ ఆమెకు ఏమిటో నాకు తెలుసు. ఈ కథలో నేను కాపాడాలనుకున్నది ఆ ఒక్క దాన్నే.

మరుసటి ఏడాది మా మేనేజరు అందరినీ గదిలో కూర్చోబెట్టాడు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన.

"గేమ్ హిట్టే. కానీ క్లయింట్ ఏమంటాడంటే, సేమ్ ఫార్ములా, దానికి షూటింగ్ యాడ్ చెయ్యండి, స్పిన్-ఆఫ్‌గా, అంటే దీన్నుంచే ఇంకో గేమ్‌గా వదులుదాం అంటాడు. పాప చేతిలో క్యారియర్ బదులు గన్. సింపుల్" అన్నాడు.

"ఎవర్ని కాలుస్తుంది సార్?" అని అడిగాను.

"ఎనిమీస్‌ని."

"వాళ్లు మా వీధిలో ఎవరు సార్?"

"అది తర్వాత చూద్దాంలేమ్మా. ముందు గన్ వేసివ్వు."

ఆ "తర్వాత చూద్దాం" అంటే ఏమిటో నాకు అర్థం కాకపోలేదు. అందుకే ఆ రోజే చెప్పాను, గన్ నేను వెయ్యను అని. మరీ కాల్చడమే కావాలంటే శత్రువుగా నీళ్ల ట్యాంకర్లను పెట్టండి, వేసవిలో సందుల్లో మనుషుల మీదికి వచ్చేవి అవే కదా అని, ఇంట్లో కూర్చుని ట్యాంకరు బొమ్మలు వేసి పట్టుకెళ్లాను. బాగున్నాయని అందరూ అన్నారు. మేనేజరు కూడా అన్నాడు. వాటిని తీసుకుని కంప్యూటర్లో ఎక్కడో పెట్టాడు. తర్వాత పిన్ని కూతురి పెళ్లికని నేను కడపకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆట సగం తయారైపోయింది. పక్క సీటు అమ్మాయి నా మొహం చూడకుండా ఫోను నా ముందు పెట్టింది.

ఇక్కడ మా పనిలో ఒక కిటుకు చెప్పాలి. కొత్త బొమ్మ వేస్తే కేబీలు ఖర్చవుతాయి. పాత బొమ్మకే రంగులు మారిస్తే దాదాపు ఏమీ ఖర్చు కాదు. గోధుమరంగు కుక్క నల్లకుక్క అయిపోతుంది. అందరూ చేసే పనే, నేనూ చేశాను, అందులో తప్పేం లేదు. తుపాకీకి, గుండుకు, పేలుడుకు చోటు కావాల్సి వచ్చింది కాబట్టి వీళ్లు కొత్త శత్రువుల్ని గీయలేదు. మా వీధి మనుషులకే రంగు మార్చారు. పూలమ్మే ఆమె ముఖం ఆకుపచ్చ. బిందెల దగ్గర ఆడవాళ్ల కళ్లు ఎరుపు. ఊరందరికీ దయ్యం పట్టిందట, అదీ కథ. క్యారియర్ పట్టుకున్న పిల్ల ఇప్పుడు వాళ్లందర్నీ కాల్చుకుంటూ పోవాలి.

అవ్వ అందరికంటే ఎక్కువసార్లు వస్తోంది. ముఖం, చేతులు ఆకుపచ్చ, చీర బూడిదరంగు. అదే నడక, అదే మోకాలు, అదే చాపిన చెయ్యి. ఆ చెయ్యి పిల్లకు తగిలితే పిల్ల కిందపడి చస్తుంది.

నేను లేచి మేనేజరు గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టానో లేదో గుర్తులేదు.

"ఈమెను తీసెయ్యండి" అన్నాను.

"ఎవర్ని? ఓల్డ్ లేడీనా? అయ్యో, నువ్వు వేసినవాట్లో బెస్ట్ యానిమేషన్ అదేనమ్మా. ఎనిమీకి వాకింగ్ కావాలి, మిగతావాళ్లంతా కూర్చునేవాళ్లు. నీ వర్కే ఈ గేమ్‌ని కాపాడింది అనుకో."

"నా వర్కు కాదు సార్ అది. మా ఎదురింటి అవ్వ."

"క్యారెక్టరే కదా."

"సరే, చెయ్యి తగిలితే చావడం ఎందుకు? మొదటి ఆటలో తగిలితే వెనక్కి పంపేది, అంతే కదా."

"కాంటాక్ట్ డ్యామేజ్ అది. ఎనిమీ టచ్ చేస్తే లైఫ్ పోవాలి. అన్ని షూటింగ్ గేముల్లో రూలే అది. టచ్ చేస్తే ఏం కాకపోతే ఇంక షూట్ ఎందుకు చేస్తారు? భయం ఉండాలి కదా."

ముట్టుకుంటే చావాలి, లేకపోతే కాల్చడానికి కారణం ఉండదు. ఇంత తేటగా ఇంకెవరూ నాకు చెప్పలేదు. గౌనులోకి కారిన నీళ్ల దగ్గర్నుంచి అంతా నాకు ఒక్కసారి గుర్తొచ్చింది. ఆయనకు మాత్రం తన మాటలో ఏమీ వినబడలేదు. ఆయన చెడ్డవాడు కూడా కాదు, అదింకా కోపం నాకు. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తిపడేదాన్ని.

నేను ట్యాంకర్ల సంగతి అడిగాను. సైజు దాటిపోతోందన్నాడు. తగ్గించి ఇస్తానన్నాను. క్లయింట్ ఓకే చేసేశాడన్నాడు. అవ్వ ఒక్కదాన్నైనా తీసెయ్యమన్నాను. చూద్దామన్నాడు. మా ఆఫీసులో చూద్దాం అంటే అయిపోయిందని అర్థం. చివరికి, ఆటలో బొమ్మలు వేసినవాళ్ల పేర్లుండే చోట నా పేరు తీసెయ్యమన్నాను. అది మాత్రం వెంటనే తీసేశారు. నా పేరుకు పట్టిన కాస్త చోటు మిగిలిందని తుపాకీ శబ్దం ఇంకొంచెం పెంచుకున్నారేమో కూడా.

ఆ కంపెనీ వదిలేశాను. వదిలేస్తే ఆట ఆగుతుందా? వచ్చేసింది. కాడుగోడి మార్కెట్లో సెల్‌ఫోన్ కొట్లు ఉండేవి, కేబుల్ తగిలించి ఏ ఆట కావాలన్నా ఫోనులోకి ఎక్కించేవారు. అవ్వకు చూపించకూడదని నేను అనుకుంటూ ఉండగానే, అవ్వ కోడలు మార్కెట్‌కి పోయి, రెండో భాగం వచ్చిందట అని సంబరంగా ఎక్కించుకుని వచ్చింది. ఆమెదీ తప్పు కాదు. నువ్వు మళ్లీ వచ్చినావు చూడత్తా అని ఇవ్వడానికే కదా తెచ్చింది.

నేను చర్చి నుంచి వచ్చేసరికి అవ్వ మంచం మీద కూర్చుని, ఫోను కంటికి ఆనించుకుని ఉంది.

"దాప్పా, నాలుగూ ఆరూ నొక్కు. కొత్తది వచ్చి ఉండాది" అంది.

"వద్దవ్వా, అది బాగాలేదు."

"నేను ఉండానా లేదా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. పక్కన కూర్చున్నాను. ఆరు నొక్కాను. పిల్ల నడిచింది. ఎదురుగా కుక్క. అవ్వ ఎప్పటిలాగే దూకించాలని మధ్య మీట నొక్కింది. కొత్త ఆటలో దూకడం రెండో నంబరుకు మార్చారు, ఐదుకు తుపాకీ ఇచ్చారు. టప్పుమంది. కుక్క లేదు.

"కుక్క యాడికి పోయె?" అంది అవ్వ.

అవ్వ ఇంకోసారి నొక్కింది. పూలమ్మే ఆమె పోయింది. బుట్ట కూడా మిగల్లేదు. అవ్వ వేలు వెనక్కి తీసుకుంది. తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు తెర చివర నుంచి ఆమె వచ్చింది. ఆకుపచ్చ ముఖం, బూడిదరంగు చీర. రంగులు ఎన్ని మార్చినా ఆ నడకను ఎవరూ మార్చలేదు. అవ్వ వెంటనే గుర్తుపట్టింది.

"వస్తాండాను చూడు" అని ఫోను ఇంకా దగ్గరికి తీసుకుంది. "ముఖం ఏమి ఇట్ల చేసినారు, పసరు పూసినట్ల? జ్వరం వచ్చిందేమో నాకు."

"అవ్వా, మీట నొక్కు. లేకపోతే పిల్ల ఓడిపోతుంది" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. కాల్చమని అవ్వకే చెప్పాను, ఆ ఆట నా చేత ఆ మాట కూడా అనిపించింది.

"సుమ్నె ఊరికే ఉండప్పా. జడ ఊడిపోయి ఉండాది ఆ బిడ్డకు. నా కడకే కదా, రానీ" అంది అవ్వ.

వేలు కదపలేదు. చెయ్యి చాపుకుంటూ, ఊగుతూ, లోపలి అవ్వ పిల్ల దగ్గరికి వచ్చింది. చెయ్యి తగిలింది. పిల్ల వెల్లకిలా పడి, రెండుసార్లు మినుకుమని మాయమైపోయింది.

ఆట తనంతట తానే మళ్లీ మొదలైంది. ఈసారి నేను ఆరు నొక్కలేదు. పిల్ల ఉన్నచోటే నిలబడింది, అవ్వే అంత దూరం నడిచి వచ్చి ముట్టుకుంది. మళ్లీ అంతే. మూడోసారి కూడా అంతే అయ్యాక, గేమ్ ఓవర్ అని ఇంగ్లీషులో పడి తెర ఆగిపోయింది. అవ్వ ఫోను మంచం మీద బోర్లా పెట్టింది.

"నేను ముట్టుకుంటే చస్తాదని ఆ బిడ్డకు ఎవరప్పా చెప్పింది?" అంది.

"మా ఆఫీసులో అవ్వా."

"నువ్వు ఉండావు కదా అక్కడ. నువ్వేమి చెప్పినావు?"

"వద్దని చెప్పాను."

"గట్టిగా చెప్పినావా?"

"గట్టిగానే చెప్పాను అవ్వా. పని కూడా వదిలేసి వచ్చాను."

అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. పాతికేళ్లదాన్ని, ఆఫీసుకు పోయేవాళ్ల పొట్టి జుట్టు, జడ వేయడానికి అందులో ఏమీ లేదు. అయినా రెండు చేతులతో తల పట్టుకుని, చెవుల వెనక జుట్టంతా వెనక్కి గట్టిగా లాగింది, చిన్నప్పుడు లాగినట్టే. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

"చాల్లేదు" అంది. "ఇంకా గట్టిగా చెప్పల్ల."